జాతరకు, బతుకమ్మకు డేట్ వాయిదా వేయాలంటే: గోలీలు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి

పండుగలు దగ్గర పడుతున్నాయంటే హన్మకొండలో మా మందుల షాపుకి నెలసరి వాయిదా వేసుకోవాలనే ఒకే అవసరం మీద వచ్చేవాళ్లు పెరుగుతారు. కొందరు "డేట్ ఆగే గోలీలు ఇవ్వండి" అని నేరుగా అడుగుతారు. కొందరు రద్దీ తగ్గేదాకా పక్కన నిలబడి, వదిన వాట్సాప్‌లో పంపిన ఖాళీ స్ట్రిప్ ఫొటో చూపిస్తారు. ఇంకొందరు తమ్ముడినో భర్తనో పంపిస్తారు. ఆయన ఎవరికి కావాలో చెప్పడు, నేను అడిగే ఒక్క ప్రశ్నకూ జవాబు తెలియదు, ఫోన్ చేసి కనుక్కోవడానికి మొహమాటం.

ఎవరు వచ్చినా ముందు నేను అడిగేది "డేట్ ఎప్పుడు?" అనే. "రేపో ఎల్లుండో" అన్నారంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఈ గోలీల వ్యవహారం మొత్తం తేదీల లెక్క. ఎప్పుడు మొదలుపెట్టాలో కొంతమందికైనా తెలుసు. ఎప్పుడు ఆపాలో మాత్రం ఎవరూ ఆలోచించరు, చాలాసార్లు ఇబ్బంది వచ్చేది అక్కడే. కౌంటర్ దగ్గర నిలబడి చెప్పలేనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది డాక్టర్ చీటీ మీద వాడాల్సిన మందు. కింద రాసింది చదివి నేరుగా కొనేయడానికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం చెప్పాలో, ఇచ్చాక ఎలా వాడాలో తెలియడానికి.

గోలీ చేసే పని

అండం విడుదలయ్యాక అండాశయంలో ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారవుతుంది. గర్భాశయం లోపలి పొరను నిలబెట్టేది అదే. గర్భం రాకపోతే సుమారు రెండు వారాల్లో ఆ హార్మోన్ తగ్గిపోతుంది, పొర ఊడి నెలసరి వస్తుంది. ప్రొజెస్టెరాన్ లాగా పనిచేసేలా తయారు చేసిన మందులను ప్రొజెస్టిన్లు అంటారు. డేట్ వాయిదాకు ఎక్కువగా రాసే నోరెథిస్టెరోన్ వాటిలో ఒకటి. 1951లో మెక్సికోలో, అక్కడి అడవి దుంప నుంచి తీసిన పదార్థం ఆధారంగా మొదటిసారి తయారైంది. తర్వాత గర్భనిరోధక మాత్రలకు దారి వేసిన మందుల్లో ఇదీ ఉంది.

చెరువు తూము మూసి ఉన్నంతసేపు నీళ్లు ఆగుతాయి కదా, గోలీలు పడుతున్నంతకాలం పొర అలాగే ఆగుతుంది. ఆపిన 2, 3 రోజులకు నెలసరి వస్తుంది. ఇంతకుమించి సిద్ధాంతం అక్కర్లేదు.

దగ్గర ఉంచుకోవాల్సినవి

గత మూడు నెలల డేట్లు కావాలి. ఫోన్‌లో రాసుకోకపోతే గోడ క్యాలెండర్ చూడండి. గ్యాస్ బుక్ చేసిన రోజు, పాల లెక్క పక్కన పెన్నుతో పెట్టిన చిన్న చుక్క ఉంటుంది, చాలా ఇళ్లల్లో అదే రికార్డు. దాంతోపాటు పండుగ లేదా ప్రయాణం మొదలయ్యే రోజు, తిరిగి ఇంటికి చేరే రోజు రాసుకోండి. ఇప్పుడు వాడుతున్న మందుల స్ట్రిప్‌లు, బీపీ ఎంతుందో, పెళ్లయినవాళ్లయితే ఇంట్లో చూసుకునే ప్రెగ్నెన్సీ కిట్ ఒకటి. కనీసం వారం పది రోజుల టైమ్ ఉండాలి.

వీళ్లు గోలీ ముట్టుకునే ముందే ఆగాలి

ఈ భాగం దాటేసి స్టెప్పుల దగ్గరికి వెళ్లకండి. నోరెథిస్టెరోన్ ఈ మోతాదులో ఒంట్లోకి వెళ్లాక కొంత భాగం ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్‌గా మారుతుంది. దాంతో కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కొంచెం పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి అది చాలా అరుదు. కానీ కింద చెప్పినవాళ్లకు అరుదు అని వదిలేయలేం:

- ఇంతకుముందు కాలిలో, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టినవాళ్లు, పక్షవాతం లేదా గుండెపోటు వచ్చినవాళ్లు, తల్లిదండ్రులకో తోబుట్టువులకో చిన్న వయసులోనే గడ్డలు వచ్చినవాళ్లు
- కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనబడి ఆ తర్వాత ఒకవైపు తలనొప్పి వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లు
- ఈమధ్యే ఆపరేషన్ లేదా కాన్పు అయినవాళ్లు, కాలికి కట్టుతో మంచం మీద ఉన్నవాళ్లు
- బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్లు, పొగ తాగే అలవాటున్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు
- కాలేయ జబ్బు, పచ్చకామెర్లు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు
- కారణం తెలియకుండా మధ్యలో రక్తం కనబడుతున్నవాళ్లు
- కడుపుతో ఉన్నవాళ్లు, ఉన్నామేమో అని అనుమానం ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు

వీటిలో ఏది ఉన్నా సొంతంగా వాడొద్దు, డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. కొందరికి ఆవిడ నోరెథిస్టెరోన్ బదులు మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ లాంటి వేరే ప్రొజెస్టిన్ రాయొచ్చు, కొందరికి అసలు వద్దనొచ్చు. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఫెనిటాయిన్ లేదా కార్బమాజెపైన్ వాడుతున్నవాళ్లకు ఈ గోలీ సరిగ్గా పనిచేయదు. ఆ విషయం చెప్పకుండా తీసుకుంటే పండుగ రోజే డేట్ వస్తుంది.

ఇక ఆడపిల్లల సంగతి. రజస్వల అయిన మొదటి రెండేళ్లు డేట్లు ఎలాగూ సరిగ్గా రావు, కాబట్టి లెక్కే కుదరదు. ఫంక్షన్ ఉందనో, ఇంటర్ పరీక్ష ఉందనో తల్లులు వచ్చి అడుగుతారు. పరీక్షల కోసమైతే మరీ ఆలోచించండి. మొదటిసారి వేసుకున్నప్పుడు వికారం, తలనొప్పి వస్తాయో రావో ఎవరూ చెప్పలేరు. పరీక్ష హాల్లో ఆ ప్రయోగం వద్దు. నొప్పికి డాక్టర్ రాసిన మాత్ర, మంచి ప్యాడ్లు చాలు.

ఎలా చేయాలి

1. మీ డేట్ లెక్క వేయండి. నెలసరి మొదలైన రోజును 1 అనుకుని, మళ్లీ మొదలయ్యే ముందు రోజు దాకా లెక్కపెట్టండి. మూడు నెలలకూ ఇలాగే చూడండి. 27, 28, 29 అలా వస్తే తక్కువైన 27 తీసుకోండి, రెండు రోజులు ముందుగా మొదలుపెట్టినా నష్టం లేదు. 25 ఒకసారి, 40 ఒకసారి వస్తుంటే ఈ పద్ధతి మీకు కుదరదు, నేరుగా డాక్టర్‌తో మాట్లాడండి.

2. ప్రెగ్నెన్సీ లేదని తేల్చుకోండి. గత డేట్ మామూలుగా వచ్చిందా, లేక రెండు చుక్కలు కనబడి పోయిందా? చుక్కలే అయితే కిట్‌తో చూసుకోండి.

3. చీటీ తెచ్చుకోండి. హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, వరంగల్ సీకేఎం, మీ దగ్గరి పీహెచ్‌సీ, ఎక్కడైనా అడగొచ్చు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. డాక్టర్లకు ఇది రోజూ వినే మాటే. ఊళ్లో ఉంటే ఆశా కార్యకర్తను గానీ ఏఎన్ఎంను గానీ అడిగితే ఏ రోజు లేడీ డాక్టర్ ఉంటారో చెబుతారు.

4. మొదలుపెట్టే రోజు: డేట్‌కి 3 రోజుల ముందు. మామూలుగా రాసేది 5 ఎంజీ గోలీ, రోజుకు మూడుసార్లు. పొద్దున 7, మధ్యాహ్నం 2, రాత్రి 10 అలా సమానంగా పంచుకోండి, ఫోన్‌లో అలారం పెట్టండి. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ. మందు నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన, రోజుకొకటి వేసుకునే సీఆర్ గోలీలు కూడా ఉన్నాయి, అవి 10, 15 ఎంజీల్లో దొరుకుతాయి. వాటిని విరగ్గొట్టొద్దు, నమలొద్దు, 5 ఎంజీ లెక్కలో రోజుకు మూడు వేసుకోవద్దు. స్ట్రిప్ మీద ఏముందో చదివి, చీటీతో సరిపోయిందో చూసుకోండి.

5. ఆపే రోజు: ఇంటికి చేరాక. మేడారం ఉదాహరణ తీసుకుందాం. జాతర బుధవారం సారలమ్మ గద్దెకు రావడంతో మొదలై శనివారం వనప్రవేశంతో ముగుస్తుంది. మీ డేట్ గురువారం అనుకోండి. సోమవారం పొద్దున గోలీలు మొదలు. "శుక్రవారం మొక్కు చెల్లించేశాం, ఇక చాలు" అని ఆ రాత్రే ఆపితే ఆదివారానికి వచ్చేయొచ్చు. శనివారం తాడ్వాయి, పస్రా దారిలో ట్రాఫిక్ ఎంతసేపు ఆపుతుందో ఎవరూ చెప్పలేరు. ఇంటికొచ్చాక ఒడిబియ్యం, చుట్టాల భోజనాలు కూడా ఉంటే అవీ లెక్కలో వేసుకోండి. ఆదివారం రాత్రి ఆపారనుకుంటే ఏడు రోజులకు 21 గోలీలు. స్ట్రిప్‌కి పది చొప్పున వస్తే రెండు స్ట్రిప్‌లకు ఒకటి తక్కువ పడుతుంది, అడవిలో ఆ ఒక్క గోలీ దొరకదు. మూడు స్ట్రిప్‌లు తీసుకోండి, ఒకటి మీ పర్సులో, ఇంకోటి వేరే బ్యాగులో పెట్టండి.

6. మొత్తం 10 నుంచి 14 రోజులు దాటించొద్దు. బతుకమ్మకు ఇది బాగా గుర్తు పెట్టుకోవాలి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. డేట్ మొదటి రోజుల్లోనే పడితే ముందు మూడు రోజులు కలుపుకుని పన్నెండు దాకా పోతుంది, దాని మీద దసరా కూడా అంటే హద్దుకు వచ్చినట్టే. నా మాట అడిగితే, మధ్య రోజుల్లో ఆడకపోయినా సద్దులకు ఆడాలనుకునేవాళ్లే ఎక్కువ. మొదటి రోజుల్లోనే డేట్ ఉంటే దాన్ని రానివ్వండి, సద్దులకు ఎలాగూ అయిపోతుంది. గోలీయే అక్కర్లేదు.

7. దారిలో నీళ్లు తాగండి, కాళ్లు ఆడించండి. జాతరలో టాయిలెట్ల టెన్షన్‌తో మన ఆడవాళ్లు పొద్దుట్నుంచి నీళ్లు మానేస్తారు. నీళ్లు లేక, బస్సులో గంటల తరబడి కాళ్లు మడిచి కూర్చుని, పైగా ఈ గోలీ మీద ఉండటం మంచిది కాదు. బస్సు ఆగినప్పుడల్లా దిగి నడవండి. కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడించినా మేలే.

8. మర్చిపోతే, వాంతి అయితే. గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకుని, తర్వాతది మామూలు టైమ్‌కి వేసుకోండి. రెండూ ఒకేసారి మింగొద్దు. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే ఆ గోలీ పోయినట్టే, తగ్గాక ఇంకోటి వేసుకోవచ్చు. పడని బస్సు ప్రయాణమైతే గోలీని ఎక్కే ముందు కాకుండా, దిగి ఏదైనా తిన్నాక వేసుకునేలా టైమ్ జరుపుకోండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

ఒక్క కాలి పిక్కే నొప్పి పెట్టి, వాచి, వేడిగా ఉంటే "నడిచి నడిచి పట్టేసింది" అనుకోకండి. నడకతో అయితే మామూలుగా రెండు కాళ్లూ లాగుతాయి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, కళ్లు పచ్చబడటం: వీటిలో ఏది కనబడినా గోలీ ఆపేసి 108కి ఫోన్ చేయండి. జాతరలో ఉంటే ప్రభుత్వ వైద్య శిబిరానికి వెళ్లండి. అక్కడ మొట్టమొదట చెప్పాల్సిన మాట "డేట్ ఆగడానికి గోలీలు వేసుకుంటున్నా" అని. పక్కన అత్తగారు ఉన్నారని ఈ ఒక్కటి దాచకండి. అది తెలియకపోతే డాక్టర్ వేరే దారిలో వెతుకుతూ ఉంటారు.

పొట్ట ఉబ్బరం, కొంచెం వికారం, రొమ్ముల్లో నొప్పి, చిరాకు, కొద్దిగా తలనొప్పి మామూలే. ఆపాక పోతాయి.

పనిచేసిందా, లేదా?

అనుకున్న డేట్ దాటి రెండు రోజులైనా ఏమీ రాకపోతే పనిచేసినట్టే. చిన్న మరక కనబడితే కంగారుపడి ఆపేయకండి, టైమ్ తప్పకుండా వేసుకుంటూ ఉండండి. మామూలు నెలసరి లాగే ధారగా మొదలైతే మాత్రం వాయిదా తప్పినట్టే. ఇంకో రెండు గోలీలు ఎక్కువ మింగినా లాభం లేదు, మోతాదు పెంచకుండా డాక్టర్‌ని అడగండి.

ఆపిన 2, 3 రోజులకు డేట్ రావాలి. ఈసారి రక్తస్రావం కొంచెం ఎక్కువగా ఉండొచ్చు. వారం దాటినా రాకపోతే పొద్దున మొదటి మూత్రంతో కిట్ చూడండి, రెండు గీతలొస్తే వెంటనే డాక్టర్. ఎందుకంటే ఇలా వాడే నోరెథిస్టెరోన్ గర్భం రాకుండా ఆపుతుందని నమ్ముకోవడానికి లేదు. ఆ రోజుల్లో కండోమ్ వాడాల్సిందే.

వచ్చిన రోజును క్యాలెండర్‌లో కొత్త 1గా గుర్తు పెట్టుకోండి. పాత తేదీ ప్రకారం లెక్క వేస్తే వచ్చే నెల తికమక అవుతుంది.

షాపులో తరచూ చూసే తప్పులు

డేట్ వచ్చాక మొదలుపెట్టడం అన్నిటికంటే ఎక్కువ. రక్తం మొదలయ్యాక ఈ లెక్క పనిచేయదు. రెండోది, రక్తం తగ్గడానికి వాడే ట్రానెక్సామిక్ యాసిడ్‌ని డేట్ ఆపే గోలీ అనుకోవడం. అది స్రావం తగ్గిస్తుంది, డేట్‌ని జరపదు. రెండూ కలిపి సొంతంగా వేసుకుంటే గడ్డకట్టే ముప్పు ఇంకా పెరుగుతుంది. 72 గంటల గోలీ కూడా ప్రొజెస్టినే, లెవోనార్జెస్ట్రెల్ 1.5 ఎంజీ. అది అనుకోని గర్భం రాకుండా ఒక్కసారి వాడేది. డేట్ జరపడానికి వాడితే ఎప్పుడు వస్తుందో మీకే తెలియకుండా పోతుంది.

ఇంకో మాట చాలాసార్లు వింటాను: "మా అక్కకు కడుపుతో ఉన్నప్పుడే ఈ గోలీలు రాశారు, ఏం కాదు." అక్కకు రాసింది సహజ ప్రొజెస్టెరాన్ గానీ డైడ్రోజెస్టెరోన్ గానీ అయి ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉన్నా మందు వేరు. నోరెథిస్టెరోన్ గర్భిణులకు ఇవ్వరు.

అలాగే ఇదే నోరెథిస్టెరోన్ పక్కింటావిడకు నెలల తరబడి రాశారంటే ఆమెకు ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం పొర లాంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు) ఉండి ఉండొచ్చు. ఆగని రక్తస్రావానికి పది రోజులు రాస్తారు. నెలలు గడిచినా డేట్ రానివాళ్లకు, గర్భం లేదని చూశాక, డేట్ తెప్పించడానికి మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ కొన్ని రోజులు ఇచ్చి ఆపుతారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మూడు నెలలకోసారి ఉచితంగా వేసే 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌లో ఉన్నదీ అదే మందు, 150 ఎంజీ. ఎక్కువ స్రావంతో బాధపడేవాళ్లకు గర్భాశయంలో అమర్చే హార్మోన్ పరికరంలో ఉండేది లెవోనార్జెస్ట్రెల్. మెనోపాజ్‌లో ఈస్ట్రోజెన్ వాడేవాళ్లకు గర్భాశయం పొర మితిమీరి పెరగకుండా ప్రొజెస్టిన్ తోడుగా ఇస్తారు. మందుల కుటుంబం ఒకటే, మోతాదు, రోజులు, కారణం వేరు. అందుకే వేరేవాళ్ల చీటీ మీకు పనికిరాదు.

నిమ్మరసం, వెనిగర్ తాగితే డేట్ ఆగదు, కడుపులో మంట వస్తుంది. అంతే.

గోలీ లేకుండా లేదా వేరే దారిలో

ఇప్పటికే మాలా-ఎన్ లాంటి గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే మీకు విడిగా ఇది అక్కర్లేదు. 28 గోలీల ప్యాకెట్‌లో చివరి 7 ఐరన్ గోలీలు, హార్మోన్ ఉన్నవి మొదటి 21. ఆ 7 వదిలేసి నేరుగా కొత్త ప్యాకెట్ మొదలుపెడితే డేట్ వాయిదా పడుతుంది. ముందు డాక్టర్‌కి ఒక మాట చెప్పండి.

ప్రయాణం ఇబ్బందే మీ సమస్య అయితే మెన్‌స్ట్రువల్ కప్ అలవాటు చేసుకోండి, గంటల తరబడి మార్చే పని ఉండదు. కానీ మొదటిసారి జాతరలోనే వాడొద్దు, ఇంట్లో రెండు నెలలు అలవాటయ్యాకే.

శ్రావణ శుక్రవారాలు, బతుకమ్మ, దీపావళి, కార్తీకం, సంక్రాంతికి ఐనవోలు, ఆ వెంటనే మేడారం. మనకు నెలకో పండుగ ఉంటుంది. ప్రతిదానికీ ఈ గోలీ వేసుకుంటే డేట్లు అస్తవ్యస్తమవుతాయి, ఒకవేళ లోపల వేరే సమస్య ఉన్నా బయటపడదు. ఏడాదిలో తప్పదనుకున్న ఒకటో రెండో సందర్భాలు ఎంచుకోండి.

మిగిలిన గోలీలను స్ట్రిప్‌తోనే ఉంచండి, గడువు తేదీ ఉన్న అంచు కత్తిరించకండి. చెల్లెలు అడిగితే స్ట్రిప్ ఇవ్వకండి, పైన రాసిన ఆగాల్సినవాళ్ల జాబితా చదివి వినిపించి, చీటీ తెచ్చుకోమనండి.